స్కూటర్ కదలకపోతే మొదట వెనకాల ఉన్న లివర్ చూడండి

మోకాళ్ళ నొప్పులతో నడవలేని నాన్న కోసం కొన్న నాలుగు చక్రాల బ్యాటరీ స్కూటర్ ఒకరోజు పొద్దున్నే మొరాయించింది. తాళం తిప్పితే లైటు వెలుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. మోటారు పోయిందని టెన్షన్ పడి మెకానిక్‌కి ఫోన్ కూడా చేసేశాను. తీరా చూస్తే, ముందురోజు ఇల్లు తుడిచేటప్పుడు బండిని పక్కకి తొయ్యడానికి వెనకాల ఉన్న లివర్ తిప్పి, మళ్ళీ యథాస్థానంలో పెట్టడం మరిచిపోయాం.

ఈ బళ్ళలో కరెంటు అందనప్పుడు పట్టేసుకునే బ్రేకు ఉంటుంది. ఆ లివర్ దాన్ని వదిలిస్తుంది, అలా వదిలి ఉండగా చాలా మోడళ్ళు నడవవు. వాలు మీద మాత్రం దాన్ని ముట్టుకోకండి, బండి జారిపోతే ఆపేది ఏదీ ఉండదు.

లైటే వెలగకపోతే సీటు కిందో బ్యాటరీ పెట్టె పక్కనో ఉండే చిన్న రీసెట్ బటన్ బయటికి పొడుచుకొచ్చిందేమో చూసి నొక్కండి. పదేపదే బయటికొస్తుంటే నొక్కుతూ కూర్చోవద్దు, ఎక్కడో షార్ట్ అయినట్టో మోటారు మీద మరీ బరువు పడుతున్నట్టో లెక్క. చార్జర్ వైరు తగిలించే ఉందా? అలా ఉంటే చాలా బళ్ళు కావాలనే కదలవు. లైటు ఆగి ఆగి మినుకుమంటుంటే ఎన్నిసార్లో లెక్కపెట్టి, బండితో వచ్చిన పుస్తకంలో ఆ అంకెకి ఏముందో చూడండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

అసలు గొడవంతా సాధారణంగా బ్యాటరీలదే. ఎక్కువ బళ్ళలో 12 వోల్టులవి రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ చాలు. ఫుల్ చార్జ్ చేసి, చార్జర్ తీసేసి, కొన్ని గంటలు వదిలేసి ఒక్కోదాన్ని విడిగా కొలవండి. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7, 12.8 దగ్గర నిలబడుతుంది, ఒకటి అలా ఉండి రెండోది 12.1 చూపిస్తే దొంగ దొరికినట్టే. రెండూ బాగానే చూపించినా ర్యాంప్ ఎక్కేటప్పుడు బండి నీరసపడిపోతే, షాపులో లోడ్ పెట్టి, అంటే బ్యాటరీ నుంచి కరెంటు లాగుతూ, పరీక్ష చేయించండి. బ్యాటరీ పెట్టె తెరిచేముందు బండి తాళం ఆపేసి బయటికి లాగేసి, ఉంగరాలూ గాజులూ తీసేయండి. పానా పొరపాటున రెండు టెర్మినళ్ళకీ తగిలిందో, నిప్పులే.

మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి, పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. కారు బ్యాటరీ పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ఇంజను స్టార్ట్ చేయడానికి చేసింది, రోజూ ఖాళీ అవడాన్ని తట్టుకోలేదు. ఇన్వర్టర్ అలవాటుతో వీటిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలని చూడకండి, ఇవి సీల్ చేసినవి. మీది లిథియం అయితే పై అంకెలు వర్తించవు, దాని చార్జర్ తప్ప ఇంకోటి వాడొద్దు.

లెడ్ యాసిడ్‌ని దగ్గరి గుడికి వెళ్ళొచ్చినా సరే ఆ రాత్రే చార్జ్ పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలకి వచ్చేవాళ్ళ బళ్ళు ఇలాగే పోతాయి, నెలకోసారైనా చార్జ్ పెట్టమని పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి. మే నెల ఎండలో తిరిగొచ్చాక వెంటనే కాకుండా కాస్త చల్లారనిచ్చి, నీడలో చార్జ్ పెట్టండి.

పైపు పెట్టి కడగొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గాలి నింపే టైర్లయితే పక్కన రాసి ఉన్నంత గాలి ఉంచండి, గాలి తగ్గితే చార్జింగూ త్వరగా అయిపోతుంది. ఇరుసులకి వెంట్రుకలూ చీర దారాలూ చుట్టుకుంటాయి, కత్తెరతో తీసేయండి.

మోటారుకి కరెంటు ఎంత వెళ్ళాలో చూసే కంట్రోలర్ పెట్టె మాత్రం మీరు విప్పకండి. మెకానిక్‌కి ఫోన్ చేసి, కొలిచిన వోల్టులూ లైటు ఎన్నిసార్లు మినుకుమందో చెప్తే అతనికి సగం పని తగ్గుతుంది.