స్పీడ్ కెమెరాకు చిక్కారా? నోటీసు రాకముందు, వచ్చాక తీసుకోవలసిన జాగ్రత్తలు

ఫ్లాష్ మెరవగానే చాలామంది కాలు బ్రేకు మీదకు పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఫొటో అప్పటికే పడిపోయింది, ఇక ఎంత వేగం తగ్గించినా అది చెరిగిపోదు. వెనక వస్తున్న వాహనం మాత్రం మిమ్మల్ని ఢీకొట్టవచ్చు. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, పరిమితిలోకి వచ్చి, ముందుకు సాగిపోండి.

ఇల్లు చేరాక నాలుగు విషయాలు రాసిపెట్టుకోండి: ఏ చోటు, ఎన్ని గంటలకు, బండి ఎవరు నడుపుతున్నారు, అక్కడి బోర్డు మీద పరిమితి ఎంత. డాష్‌క్యామ్ (కారు ముందు రోడ్డును వీడియో తీసే చిన్న కెమెరా) ఉంటే ఆ వీడియోను ఆ రోజే వేరే చోట దాచండి. కార్డు నిండగానే చాలా డాష్‌క్యామ్‌లు పాతదాన్ని చెరిపి కొత్తది ఎక్కిస్తాయి. ఒకే కారును ఇంట్లో ముగ్గురు నడుపుతుంటే, నోటీసు వచ్చే నాటికి ఆ సాయంత్రం తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు. అసలు ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

ఫ్లాష్ కనిపించలేదని నిశ్చింతగా ఉండకండి. కొన్ని కెమెరాలు కంటికి కనిపించని పరారుణ కాంతితో ఫొటో తీస్తాయి. సగటు వేగాన్ని కొలిచేవి అసలు మెరవవు. రెండు చోట్ల నంబర్ ప్లేటు చదివి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో లెక్కగడతాయి. స్తంభం దగ్గర నెమ్మదించి, దాటగానే మళ్లీ దూకించేవాళ్లు వీటికి దొరికిపోతారు. అలాగని మెరిసిన ప్రతిసారీ మీకే నోటీసు వస్తుందనీ కాదు. పక్క వరుసలో వెళ్తున్న బండి కోసం మెరిసి ఉండవచ్చు.

రోడ్డు మీద అడ్డంగా తెల్లని చిన్న గీతలు చూసే ఉంటారు. పాత తరం గాట్సో కెమెరా రాడార్‌తో వేగం కొలిచి, అర సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తుంది. ఆ రెండింటి మధ్య బండి ఎన్ని గీతలు దాటిందో చూస్తే రాడార్ లెక్క సరైనదో కాదో తేలుతుంది. దీన్ని తయారుచేసిన మారిస్ గాట్సోనిడెస్ 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన డచ్ రేసర్. మలుపుల్లో తన వేగం ఇంకా పెంచుకోవడానికే ఆయన ఈ పరికరం మీద పనిచేశాడు!

నోటీసు సాధారణంగా వాహనం ఎవరి పేరున నమోదై ఉందో వారికే వస్తుంది. గడువులు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో మొదటి నోటీసు నమోదిత యజమానికి 14 రోజుల్లోగా చేరాలి. భారతదేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన 167ఏ నిబంధన, తప్పిదం జరిగిన 15 రోజుల్లోగా పంపాలని చెప్పింది. కాబట్టి రిజిస్ట్రేషన్‌లో మీ చిరునామా, ఫోను నంబరు ఇప్పటివేనా అని ముందే చూసుకోండి. నోటీసు పాత ఇంటికి వెళ్లినా గడువు ఆగకపోవచ్చు. బండి అమ్మేసినవారు పేరు మార్పిడి పూర్తయిందో లేదో నిర్ధారించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. బండి ఎవరు నడిపారని అడిగితే నిజమే చెప్పండి, గడువులోగా చెప్పండి. బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి 28 రోజుల గడువు ఉంటుంది. ఇవ్వకపోతే అది వేరే నేరం. మామూలు అతివేగానికి లైసెన్సు మీద 3 పాయింట్లు (తప్పుకు వేసే మార్కులు) పడితే, ఆ మౌనానికి 6 పడతాయి. అబద్ధం చెబితే ఇంకా ఘోరం. ఆస్ట్రేలియాలో విశ్రాంత ఫెడరల్ న్యాయమూర్తి మార్కస్ ఐన్‌ఫెల్డ్ 2006 నాటి 77 డాలర్ల జరిమానా తప్పించుకోవడానికి, ఆ రోజు కారు నడిపింది తన స్నేహితురాలని ప్రమాణం చేసి చెప్పాడు. ఆమె 2003లోనే చనిపోయింది. 2009లో ఆయనకు జైలుశిక్ష పడింది. భార్య పేరో తమ్ముడి పేరో రాసేద్దామని ఇంట్లో ఎవరైనా తేలిగ్గా అంటే, ఈ కేసు చెప్పి గట్టిగా వద్దనండి.

ఆందోళనలో ఉన్నవారి కోసమే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. చలాన్ కట్టమంటూ సందేశంలో వచ్చే లింకును నొక్కకండి. ఫొటో చూడటానికి ఫలానా ఫైలు ఫోనులో వేసుకోమంటే అది కచ్చితంగా మోసమే. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామాను మీరే టైపు చేసి, బండి నంబరుతో వెతకండి. అక్కడ కనిపించకపోతే డబ్బు కట్టకుండా సంబంధిత కార్యాలయంలో అడగండి.

నోటీసు నిజమైనదే అయితే, కట్టేముందు ఫొటో అడిగి చూడండి. నంబరు, బండి రంగు, మోడల్ మీవేనా? ప్లేటులో ఒక అక్షరాన్ని యంత్రం తప్పు చదవవచ్చు, మీ నంబరును ఇంకెవరో తగిలించుకుని తిరుగుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు మీరు రాసిపెట్టుకున్న వివరాలు, డాష్‌క్యామ్ వీడియో అక్కరకొస్తాయి. చాలాచోట్ల జరిమానా కడితే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, తర్వాత సవాలు చేయడం కష్టం. తప్పు మీదేనని తెలిస్తే మాత్రం సాగదీయకండి. ఆలస్యమైతే మొత్తం పెరగవచ్చు, వ్యవహారం కోర్టుకూ చేరవచ్చు. పాయింట్లు పడే దేశాల్లో బీమా ప్రీమియం కూడా పెరిగే వీలుంది, రెన్యువల్ అప్పుడు కంపెనీ అడిగితే దాచకండి.

అద్దె కారు అయితే నోటీసు మొదట ఆ సంస్థకు వెళ్తుంది. మీ వివరాలు అధికారులకు ఇచ్చినందుకు సంస్థ సాధారణంగా విడిగా రుసుము తీసుకుంటుంది. అది జరిమానా కాదు, జరిమానా వేరుగా వస్తుంది. రుసుము కట్టి పని అయిపోయిందనుకుని అసలుది వదిలేసేవాళ్లు ఉన్నారు. సరిహద్దు దాటి వచ్చేశామన్న ధైర్యమూ పనికిరాదు. ఐరోపా సమాఖ్య దేశాలు 2015 నాటి ఆదేశం కింద వాహన యజమానుల వివరాలు ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి.

కట్టిన రసీదును దాచుకోండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ అదే వెబ్‌సైటులోకి వెళ్లి ఆ నంబరు మీద బకాయి ఏమీ చూపడం లేదని చూసుకోండి. ఇంకా చూపిస్తుంటే రసీదు సంఖ్యతో ఫిర్యాదు చేయండి.