గుడైనా, మసీదైనా, చర్చైనా: ముందు ఎండ లెక్క చూసుకోండి

కడప చుట్టుపక్కల ఊళ్లలో రామాలయాలు, చర్చిలు, మసీదులు కట్టించే పని నాది. కమిటీవాళ్లు టైల్స్ రంగు గురించి గంటలు గంటలు మాట్లాడతారు. నేను ముందు అడిగేది మాత్రం ఒకటే: లోపలున్న మనిషి ఎటు తిరిగి ఉంటాడు, ఆ వేళకు ఎండ ఎటునుంచి వస్తుంది?

మన దగ్గర నమాజు పడమటికి తిరిగి చేస్తారు. ఆ గోడకు కిటికీలు పెడితే అసర్ వేళ, అంటే మధ్యాహ్నం దాటాక చేసే నమాజు వేళ, ఎండ సూటిగా కళ్లలోకి కొడుతుంది. ఆ గోడను పూర్తిగా మూసేయండి. దాన్ని ఆనుకుని స్లాబులో అడుగు వెడల్పు సందు వదిలి, పైన చిన్న గోడ లేపి, తూర్పుకు నిలువుగా అద్దం బిగించండి. వెలుతురు గోడ మీదుగా కిందికి దిగుతుంది, చూసే కంటికి శ్రమ ఉండదు. చర్చిలోనూ అంతే. పాస్టర్ వెనక పెద్ద కిటికీ ఉంటే ఆయన మొహం నల్లగా కనిపిస్తుంది.

కొందరు జపాన్‌లో తడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ 1989లో కట్టిన చర్చి ఫోటో తెచ్చి, గోడలో అలాంటి వెలుగు శిలువ కావాలంటారు. తప్పకుండా పెట్టుకోవచ్చు. కానీ ఆ హాలును చీకటిగా ఉంచారు కాబట్టే అక్కడ శిలువ అంతగా వెలుగుతుంది. చుట్టూ పెద్ద కిటికీలు పెట్టుకుంటే ఆ గీత తేలదు.

స్లాబు మీద అద్దం పడుకోబెట్టకండి. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కింద కూర్చున్నవాళ్లు ఉడికిపోతారు. హాలు మధ్యకు వెలుతురు కావాలంటే స్లాబును రెండడుగులు లేపి, ఉత్తరానికి నిలువు అద్దం పెట్టండి. ఉత్తరమే కదా, ఎండ రాదులే అనుకోవద్దు. మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన్నే ఉంటాడు. ఆ ఎండకు ఆరంగుళాల సన్‌షేడ్ చాలు. పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండకు అద్దానికి రెండు పక్కలా నిలువు పలకలు కావాలి.

స్లాబు పోయడానికి సెంట్రింగ్ కొట్టకముందే థర్మోకోల్‌తో హాలు నమూనా చేసి, సందులు కోసి, దిక్కులు సరిచూసి మిద్దె మీద పెట్టండి. తొమ్మిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి లోపలికి తొంగిచూడండి. చలికాలపు ఎండ చూడాలంటే నమూనా దక్షిణం అంచు కింద ఇటుక పెట్టి ఎత్తండి. దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు, కమిటీలో వాదనలన్నీ అక్కడే తేలిపోతాయి.

డబ్బు తక్కువని దిగులు పడొద్దు. ఢాకాలో ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్ కట్టిన బైతుర్ రవూఫ్ మసీదుకు గుమ్మటం లేదు, మినార్ లేదు. ఇటుక గోడలు, కప్పులో గుండ్రటి రంధ్రాలు, అంతే. 2016లో దానికి కట్టడాలకిచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

నేలకు మెరిసే టైల్స్ వద్దు, వెలుతురు ఎగిరి కళ్లమీద పడుతుంది. పాలిష్ పట్టని కడప బండలు వేయండి. అద్దం దాకా మనిషి ఎక్కి తుడిచే దారి ప్లాన్‌లోనే పెట్టించండి. మన దుమ్ముకు ఒక్క ఎండాకాలంలోనే అద్దం మసకబారుతుంది.