అనంతపురంలో చాలీచాలని జీతాల మీద కొట్లాడాలంటే ముందు నోటుబుక్కు తెచ్చుకోండి

రోడ్లు ఊడ్చేవాళ్ళు, ఆస్పత్రి వార్డులు తుడిచేవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, ఎవర్ని కదిపినా "జీతం సాలదప్పా" అంటారు గానీ ఎంతైతే సాలుతుంది అని అడిగితే చెప్పలేరు. ఎంతో కొంత పెంచండి సార్ అని పోతే ఆఫీసులో చూస్తాంలే అంటారు, ఆ మాట అంతటితో పోతుంది. అందుకే ముందు లెక్క, తర్వాతే ధర్నా.

ఒక పది పదిహేను ఇళ్ళకు పోయి ఆ ఇంటి అక్కతోనే నెల ఖర్చు చెప్పించుకొని రాయండి. స్టోరు బియ్యం వచ్చినా సంగటికి రాగిపిండి కొనాల, బ్యాళ్ళు, నూనె, చెనిక్కాయలు, గ్యాసు, బాడుగ, కరెంటు, పిల్లల ఫీజు, ఎండాకాలంలో కొనే నీళ్ళు, పొదుపు సంఘం కంతు. ఒకక్క నన్ను "వడ్డీ కూడా రాయాల్నా సార్" అని మెల్లిగా అడిగింది. రాయాలక్కా, మొదట అదే రాయాల, ఎందుకంటే జీతం ఎంత తక్కువుందో ఆ వడ్డీ చెప్తాది.

ఈ లెక్కకు వెనక బలం కూడా ఉంది. 1957లో 15వ భారత కార్మిక మహాసభ, అంటే సర్కారు, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే సభ, కనీస వేతనం ఎట్లా లెక్కగట్టాలో చెప్పింది, సంపాదించే మనిషి ఒకరు, మొత్తం మూడు యూనిట్ల కుటుంబం (యూనిట్ అంటే ఒక పెద్ద మనిషి తిండి లెక్క), యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, ఏడాదికి ఇంటికి 72 గజాల బట్ట, బాడుగ, వంటచెరుకు దీపం వగైరాకు 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపాలంది. రాజ్యాంగం 43వ అధికరణ అయితే బతకడానికి సరిపోయే జీతం అనే మాటే వాడింది. మీ నోటుబుక్కు అంకెను ఈ పద్ధతి పక్కన పెట్టి చూపించండి.

తర్వాత చేతికొచ్చే డబ్బు సంగతి. బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ పాస్‌బుక్కు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పీఎఫ్‌కు కార్మికుడి వాటా 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం, అంతకన్నా ఎక్కువ కోస్తే కాంట్రాక్టరు తన వాటా కూడా వీళ్ళ జీతంలోంచే లాగుతున్నాడేమో గట్టిగా అడగండి, చట్టం దానికి ఒప్పుకోదు. ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర ఉంటే ముందు అది వెనక్కి తెప్పించండి, మిగతాదంతా ఆ తర్వాతే.

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ఆఫీసే కట్టాల, ఇది 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నుంచీ ఉన్న మాట. కాబట్టి సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద ఆ కాంట్రాక్టు అగ్రిమెంటు కాపీ అడగండి, ఫీజు 10 రూపాయలే, తెల్ల కార్డున్నోళ్ళకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబియ్యాల. ఒక్కో మనిషి లెక్కన ఆఫీసు కాంట్రాక్టరుకు ఎంత కడ్తోంది, ఆ మనిషి చేతికి ఎంత వస్తోంది అన్నది అప్పుడు బయటపడ్తుంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకో కాపీ లేబర్ ఆఫీసులో ఇవ్వండి. ఒక్కరి పేరుతో మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు, రేపు మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, ఆ పేరే పోతుంది, యాభై సంతకాలుంటే ఎవర్ని తీసేస్తారు?

మీటింగు పొద్దున పని అయిపోయాక పెట్టండి, సాయంత్రం పెడితే ఆడోళ్ళు రాలేరు. క్లాక్ టవర్ చుట్టుపక్కల అంగళ్ళోళ్ళతో కూడా మాట్లాడండి, తెల్లారేసరికి వాళ్ళ వాకిట్లో చెత్త ఎవరెత్తుతారో వాళ్ళకు బాగా తెలుసు, చాలామంది సంతకం పెడతారు.

సమ్మె అంటే ఆఖరిది. మున్సిపల్ పనుల్లో కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇయ్యాల. 2022 జూలైలో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితేనే హెల్త్ అలవెన్సు నెలకు 6 వేలు నిలబడింది. నోటీసు రాసే ముందు మాత్రం ఆ పదిహేను ఇళ్ళకు మళ్ళా పోయి, పది రోజులు జీతం రాకపోతే ఎవరింట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో అడిగి, బియ్యానికీ బ్యాళ్ళకూ చందా ముందే పోగు చేసి పెట్టుకోండి.