సొంత కంప్యూటర్ పాఠాలు, 7వ భాగం: ప్రాసెసర్‌పై పెట్టే ఖరీదైన ఎయిర్ కూలర్‌ను ఇంట్లో పరీక్షించడం

గత భాగంలో ప్రాసెసర్‌పై థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కు చేరవేసే ముద్ద) రాసి కూలర్‌ను బిగించడం వరకు వచ్చాం. ఆ కూలర్ మనం పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తోందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడం ఈసారి నేర్చుకుందాం. ఒక డిజిటల్ థర్మామీటరు, ప్రాసెసర్ ఉష్ణోగ్రతను, వాట్లను చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరు, శబ్దం కొలిచే ఫోన్ యాప్, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

"ఎంత లోడు వేసినా నా ప్రాసెసర్ 82 డిగ్రీలు దాటడం లేదు" అని గొప్పగా చెప్పుకొనేవారు మనకు తరచుగా తారసపడతారు. ఆ మాటను బట్టి కూలర్ గురించి తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఏ ఎయిర్ కూలరూ ప్రాసెసర్‌ను గదిలోని గాలి కన్నా చల్లబరచలేదు. గది ఉష్ణోగ్రతకు ఎన్ని డిగ్రీలు పైన ఆపగలదన్నదే దాని శక్తి. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలుండే పై అంతస్తు గది, మే నెల మధ్యాహ్నం స్లాబు వేడికి 36 వరకు పోతుంది. కూలరూ అదే, పనీ అదే, అయినా ప్రాసెసర్ అంకె 16 డిగ్రీల వరకు మారిపోతుంది. విదేశీ సమీక్షల్లో గది సాధారణంగా 20, 25 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి, వాటిలోని అంకెలను మన ఎండాకాలానికి యథాతథంగా అన్వయించుకుంటే నిరాశే మిగులుతుంది.

అందువల్ల మనం రాసుకోవలసింది ప్రాసెసర్ ఉష్ణోగ్రతను కాదు, దానిలోంచి గది ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలే పెరుగుదలను. ఆ పెరుగుదలను ప్రాసెసర్ ఖర్చు చేస్తున్న వాట్లతో భాగిస్తే ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో తెలుస్తుంది. దీన్నే ఉష్ణ నిరోధం అంటారు. ఉదాహరణకు గది 35 డిగ్రీలు, ప్రాసెసర్ 88 డిగ్రీలు, ఖర్చు 180 వాట్లు అనుకుందాం. పెరుగుదల 53, దాన్ని 180తో భాగిస్తే సుమారు 0.29. అదే యంత్రాన్ని 24 డిగ్రీల గదిలో నడిపినప్పుడు 77 డిగ్రీలు చూపిస్తే, అప్పుడూ 0.29 వస్తుంది. 88ని చూసి బెంబేలెత్తనక్కరలేదు, 77ని చూసి మురిసిపోనక్కరా లేదు.

థర్మామీటరును గోడకు తగిలించకుండా, కూలర్ గాలి పీల్చుకొనే వైపు ఒక జానెడు దూరంలో ఉంచండి. మొదటిసారి క్యాబినెట్ పక్క తలుపు తీసి, రెండోసారి మూసి కొలవండి. మూసినప్పుడు పెరిగిన డిగ్రీలకు బాధ్యత క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడానిదే తప్ప కూలర్‌ది కాదు. ఏసీ వేసుకొని పరీక్షించేవారు దాని కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా గది ఉష్ణోగ్రత అటూ ఇటూ ఊగుతుందని గుర్తుంచుకొని, ఒక్క రీడింగుతో సరిపెట్టకుండా చివరి ఐదు నిమిషాల సగటు తీసుకోవాలి.

అసలు చిక్కు వాట్ల దగ్గర ఉంది. కొత్త ప్రాసెసర్లు కూలర్ ఎంత వేడిని లాగగలిగితే అంత కరెంటును వాడుకొనేలా తయారయ్యాయి. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌నే తీసుకోండి. పెట్టె మీద 170 వాట్లని ఉన్నా, ఏఎం5 సాకెట్‌లో (ప్రాసెసర్‌ను బోర్డుకు అమర్చే చోటులో) అది 230 వాట్ల దాకా తీసుకోగలదు. పూర్తి లోడులో 95 డిగ్రీలకు చేరి అక్కడే నిలబడి పనిచేయడం దాని రూపకల్పనలో భాగమని ఏఎండీ సంస్థే చెప్పింది. అలాంటి ప్రాసెసర్ మీద ఒక మామూలు కూలర్, ఒక ఖరీదైన కూలర్ రెండూ 95నే చూపించవచ్చు. తేడా మరోచోట కనిపిస్తుంది: మెరుగైన కూలర్ కింద అదే 95 దగ్గర ఎక్కువ వాట్లు, కొంచెం ఎక్కువ వేగం ఉంటాయి. ఇంటెల్ కోర్ ఐ9 14900కేలో 253 వాట్ల హద్దును బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఎత్తివేసినప్పుడు కూడా ఇంతే, అక్కడ ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు. కాబట్టి పరీక్షకు ముందు బయోస్‌లోకి వెళ్లి ఏఎండీ అయితే పీపీటీ, ఇంటెల్ అయితే పీఎల్1, పీఎల్2 అనే వాట్ల హద్దులను ఒకే అంకెకు, ఉదాహరణకు 150 వాట్లకు, కట్టేయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్యాకేజీ పవర్ అనే వరుస ఆ అంకె దగ్గర కదలకుండా ఉంటేనే పరీక్ష చెల్లుతుంది.

ఇంకో పరిమితి కూడా ఉంది. 7950ఎక్స్‌లో కోర్లున్న ఒక్కో సిలికాన్ ముక్క విస్తీర్ణం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే. అంత చిన్న చోటు నుంచి వేడి ప్రాసెసర్ పైనున్న రాగి మూత దాకా ఎక్కడమే కష్టం. ఆ మెట్టు దగ్గర ఆగిపోయిన వేడిని పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా లాగలేదు.

సమయం విషయంలో తొందర పనికిరాదు. కిలో బరువున్న అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు 27,000 జౌళ్లు కావాలి. 150 వాట్ల వేడి ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా లోహంలోనే ఉండిపోయినా అందుకు మూడు నిమిషాలు పడుతుంది. నిజంలో వేడి గాలిలోకి పోతూనే ఉంటుంది కాబట్టి స్థిరపడడానికి పది, పదిహేను నిమిషాలు, మూసిన క్యాబినెట్‌లో అరగంట దాకా కావాలి. ప్రాసెసర్‌కు పూర్తి లోడు వేసే సినీబెంచ్ అనే ప్రోగ్రామును ఒక్కసారి నడిపి స్క్రీన్‌షాట్ తీసేవారు కొలుస్తున్నది లోహం బరువును, కూలర్ పనితనాన్ని కాదు.

ఇక శబ్దం. నా అభిప్రాయంలో ఖరీదైన కూలర్‌కు మనం ఇచ్చే అదనపు డబ్బంతా దీనికోసమే. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగేటప్పుడు థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 లాంటి చవక జంట టవర్లు (రెండు రేకుల దొంతరలున్న కూలర్లు), నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి పేరున్న కూలర్లకు బాగా దగ్గరగా వస్తాయి. అందుకే పూర్తి వేగంతో మాత్రమే పోల్చి తీర్పు చెప్పడం అన్యాయం. రాత్రి పదకొండు దాటాక, సీలింగ్ ఫ్యాన్ ఆపి, అపార్ట్‌మెంటు బోరు మోటారు కూడా ఆగిన తరువాత ఫోన్‌ను క్యాబినెట్‌కు సరిగ్గా అర మీటరు దూరంలో ఉంచండి. దూరం సగమైతే అంకె దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతుంది కాబట్టి ఆ చోటును టేపుతో గుర్తు పెట్టుకోవాలి. ఫోన్ చూపే అంకె నిక్కచ్చిగా ఉండదు, అయినా ఒకే ఫోన్‌తో రెండు కూలర్లను పోల్చడానికి పనికొస్తుంది. మీరు భరించగల శబ్దం ఎంతో ముందు తేల్చుకొని, ప్రతి కూలర్ ఫ్యాన్‌నూ ఆ శబ్దం వచ్చే వేగానికి బయోస్‌లో స్థిరపరిచి, అప్పుడు ఉష్ణోగ్రత రాయండి.

అది అయ్యాక ఒకే కూలర్ ఫ్యాన్‌ను నిమిషానికి 1500, 1200, 900, 600 చుట్ల వేగాల్లో నడిపి పెరుగుదలను గ్రాఫుగా గీయండి. మంచి కూలర్ గీత 1500 నుంచి 900 దాకా పెద్దగా ఎగబాకదు. ఫ్యాన్ బలంతో నెట్టుకొస్తున్న కూలర్ గీత మాత్రం 1200 దగ్గరే పైకి లేస్తుంది. కొనే ముందు చూడవలసిన చిత్రం ఇదే. దురదృష్టవశాత్తు పెట్టె మీద దీన్ని ఎవరూ ముద్రించరు.

ఒకసారి బిగించి తీసిన ఫలితాన్ని నమ్మవద్దు. కూలర్‌ను విప్పి, పేస్ట్ తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ కొలవండి. రెండు బిగింపుల మధ్యే రెండు డిగ్రీల తేడా వస్తుంటే, రెండు కూలర్ల మధ్య కనిపించిన ఒక డిగ్రీ తేడాకు విలువ లేదు. విప్పేటప్పుడు కాసేపు లోడు వేసి పేస్ట్ మెత్తబడనిచ్చి, కంప్యూటర్‌ను ఆపి ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. లేకపోతే పాత ఏఎం4 సాకెట్లలో ప్రాసెసర్ కూడా దానితోపాటు ఊడి రావచ్చు. విప్పాక పేస్ట్ ముద్రను వెలుతురులో చూడండి. పేస్ట్ పొర కింది లోహం కనిపించేంత పలచగా ఉన్నచోట ఒత్తిడి బాగా పడినట్లు, బూడిదరంగు ముద్దగా మిగిలినచోట పడనట్లు. ముద్ద ఒక మూలకే ఉంటే స్క్రూలు సమంగా బిగియలేదన్న మాట. ఆ కొలతను కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి.

కొలతలు సరిపోతాయా అన్నది కొనే ముందే చూసుకోవాలి. ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో బరువు 1.32 కిలోలు, రెండు ఫ్యాన్లూ ఉంటే కింద ర్యామ్‌కు దొరికే ఎత్తు 32 మిల్లీమీటర్లు. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు మీ క్యాబినెట్, ర్యామ్ ఎత్తులు కాగితం మీద రాసుకొని వెళ్లండి. దుకాణంలో "పట్టేస్తుంది సార్" అనే హామీ మిల్లీమీటర్లలో ఉండదు. రిపేరుకు ఆటోలో తీసుకెళ్లవలసి వస్తే కూలర్‌ను విప్పండి, వీలుకాకపోతే మదర్‌బోర్డు అడ్డంగా ఉండేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టండి. కిలోకు పైగా బరువు బోర్డుకు వేలాడుతుండగా మన గతుకుల మీద ప్రయాణం మంచిది కాదు.

ఈ భాగానికి అభ్యాసం: 150 వాట్ల దగ్గర, 900 వేగంతో, తలుపు తీసి ఒకసారి, మూసి ఒకసారి అరగంట చొప్పున నడిపి, గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వాట్లు, శబ్దం రాసి ఉష్ణ నిరోధం లెక్కకట్టండి. ఆ పేజీ మీద తేదీ వేయండి. పక్కన కొత్త భవనం లేస్తున్న వీధిలో ఉంటే ఆరు నెలల తరువాత ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అంకె పెరిగితే కూలర్ రేకుల మధ్య దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులిపి మరోసారి కొలవండి. తలుపు మూసినప్పుడు పెరుగుదల ఐదు డిగ్రీలకు మించినవారు ఆ పేజీని దగ్గర ఉంచుకోండి. 8వ భాగంలో క్యాబినెట్ ఫ్యాన్ల అమరికను ఆ అంకెలతోనే మొదలుపెడతాం.