అమెరికాలో కొత్త కాపురం: శాకాహార వంట ఇంట్లోనే మొదలుపెట్టండి

సాయంత్రం ఏడింటికి అలసిపోయి ఇల్లు చేరి, అన్నం, పప్పు, కూర, చారు అన్నీ అప్పటికప్పుడు వండాలనుకునేవారే చివరికి ఫోన్ తీసి బయటి భోజనం తెప్పించుకుంటారు. అందుకే చదువుకో ఉద్యోగానికో అమెరికా వచ్చినవారు మొదటి రెండు వారాలు అన్నం, పప్పు, పెరుగు, వీటితోనే సరిపెట్టుకోవాలని నా సలహా. ఈ మూడూ చేతికి అలవాటైతే కూరలూ పచ్చళ్లూ మెల్లగా వచ్చి చేరతాయి.

ఇంటి దగ్గర నుంచి మూడు లీటర్ల స్టీలు కుక్కరు, పోపుల డబ్బా తెచ్చుకోండి. మామూలు అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. మన మిక్సీలు 230 వోల్టులకు తయారైనవి, ఇక్కడి కరెంటు 120 వోల్టులే కనుక మిక్సీ ఇక్కడే కొనుక్కోవడం మేలు. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టకండి. నిమ్మ, నారింజ తోటలను దెబ్బతీసే తెగులును మోసే పురుగు దానితో పాటు వస్తుందన్న భయంతో దాన్ని దేశంలోకి రానివ్వరు. ఇండియన్ స్టోరులో కొని, కడిగి, తడి ఆరాక ఫ్రీజరులో దాచుకోండి.

ఆ స్టోరులోనే సోనామసూరి 20 పౌండ్ల సంచి, అంటే దాదాపు 9 కిలోలు, దొరుకుతుంది. కందిపప్పు ప్యాకెట్టు మీద 'ఆయిలీ' అని ఉంటే నూనె పట్టించిన పప్పు అన్నమాట, దాన్ని గోరువెచ్చని నీటితో రెండు మూడుసార్లు కడగాలి. చైనీస్ దుకాణాల్లో మన బీరకాయను 'చైనీస్ ఓక్రా' అనీ, సొరకాయను 'ఓపో స్క్వాష్' అనీ అమ్ముతారు. ఇక్కడి సరుకుల మీద మన దేశంలో మాదిరి ఆకుపచ్చ చుక్క తప్పనిసరి కాదు. కూరగాయల సూపులో చికెన్ రసం, డబ్బాలో వచ్చే బీన్సులో పందికొవ్వు, తీపి పదార్థాల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు కనుక వెనకవైపు ఉన్న పదార్థాల జాబితా చదివే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

ఇక పాలకూర పప్పు. కప్పు కందిపప్పుకు మూడు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, గుప్పెడు పాలకూర, రెండు పచ్చిమిరపకాయలు వేసి మూడు నాలుగు కూతలు రానివ్వాలి. కరెంటు పొయ్యి కట్టేసినా దాని వేడి చాలాసేపు పోదు, కాబట్టి కట్టేయగానే కుక్కరును పక్క పొయ్యి మీదకు జరపండి, లేకపోతే పప్పు అడుగంటుతుంది. పోపు దగ్గర కూడా ఇదే చిక్కు. నేను వచ్చిన మొదటి వారంలో ఎండుమిరపకాయలు మాడిన ఘాటుకు పొగ అలారం మోగి, పక్కింటివారు కంగారుగా వచ్చి తలుపు తట్టారు. అప్పటి నుంచి ముందే కిటికీ తెరుస్తాను, నూనె కాగి ఆవాలు చిటపటలాడడం మొదలవగానే గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు ఆ వేడికే వేయిస్తాను. రంగు సరిగ్గా వస్తుంది, ఏదీ మాడదు.

చలికాలంలో పెరుగు తోడుకోవడం లేదని చాలామంది నిరాశపడతారు. వెన్న తీయని పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, చెంచాడు పెరుగు తోడు వేసి, గిన్నెను ఓవెన్‌లో పెట్టండి. ఓవెన్ వెలిగించవద్దు, లోపలి దీపం ఒక్కటి వెలిగితే చాలు, తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. గదిలో తోటివారుంటే, వాళ్లు చూసుకోకుండా ఓవెన్ వెలిగించకుండా తలుపు మీద 'లోపల పెరుగు ఉంది' అని కాగితం అంటించండి. బి12 విటమిను మొక్కల నుంచి దాదాపు దొరకదు కనుక శాకాహారులకు పాలూ పెరుగూ ముఖ్యం, అవీ తిననివారు మాత్రల గురించి డాక్టరును అడగాలి.

మిగిలిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచకండి, రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం రెండు కప్పుల పప్పు ఉప్పూ పోపూ లేకుండా ఉడికించి, చిన్న డబ్బాలలో సర్ది ఫ్రీజరులో ఉంచితే, బుధవారం సాయంత్రం ఒక డబ్బా వేడిచేసి, టమాటానో దోసకాయనో మగ్గించి కలిపి పోపు పెట్టుకోవచ్చు. రైస్ కుక్కరులో అన్నం ఉడికేలోపు ఆ పప్పు సిద్ధమవుతుంది.