వేగం పెరిగితే బండి వణుకుతోందా? కారణాన్ని ఎలా కనిపెట్టాలి

నున్నటి రోడ్డు మీద హాయిగా వెళ్తుండగా హ్యాండిల్ ఉన్నట్టుండి చేతుల్లో గజగజలాడితే ఆ భయం చాలా కాలం వదలదు. నాకు అది రెండుసార్లు ఎదురైంది. మొదటిసారి తొందరపడి కనిపించిన నట్టునల్లా బిగించాను, అసలు కారణాన్ని వెతకలేదు. అందుకే రెండోసారి కూడా వచ్చింది. వెతకడానికి ఒక వరుస ఉంది. దాన్ని పాటిస్తే చాలా సందర్భాల్లో ఏమీ కొనకుండానే కారణం దొరుకుతుంది.

ముందుగా వణుకు ఎలా పుడుతుందో తెలియాలి. ముందు చక్రానికి గతుకు తగిలితే అది కాస్త పక్కకు తిరుగుతుంది. చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు వాలుగా ఉండటం వల్ల తనంతట తానే నిటారుకు వస్తుంది, కానీ ఆ విసురులో రెండో వైపుకు కొద్దిగా దాటిపోతుంది. ఈ ఊపు ప్రతి బండిలోనూ ఉంటుంది. అన్నీ బాగున్న బండిలో ఒకటి రెండు ఊపులకే చల్లారుతుంది. ఎక్కడో వదులు, అరుగుదల, తప్పుడు బరువు ఉన్నప్పుడు చల్లారదు, పెరుగుతుంది. కాబట్టి ఊపును చల్లారనివ్వనిది ఏమిటన్నదే మన ప్రశ్న.

ఏ రకం ఊపో గుర్తించండి

హ్యాండిల్ మాత్రమే వేగంగా, సెకనుకు సుమారు 6 నుంచి 10 సార్లు కొట్టుకుంటే అది ముందుభాగపు వణుకు. ముందు టైరును, చక్రాన్ని, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సెట్టును, అంటే కోన్‌సెట్‌ను అనుమానించాలి. హ్యాండిల్ దాదాపు నిలకడగానే ఉండి, బండి మొత్తం నడుము దగ్గర విరిగినట్టు పాములా మెలికలు తిరిగితే, అదీ సెకనుకు రెండు మూడు సార్లే అయితే, చూపు వెనక్కి మళ్లించాలి. వెనుక టైరు, స్వింగ్‌ఆర్మ్ (వెనుక చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) బేరింగులు, వెనుక షాక్ అబ్జార్బరు, సామాను ఈ జాబితాలోకి వస్తాయి. ఈ విభజన నూటికి నూరు పాళ్లూ కచ్చితం కాదు, కానీ వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది.

ఏ వేగంలో మొదలైంది, వేగం పెంచుతున్నప్పుడా, తగ్గిస్తున్నప్పుడా, మలుపులోనా, వెనుక మనిషి ఉన్నప్పుడా అన్నది కాగితం మీద రాసుకోండి. 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గేటప్పుడు మాత్రమే హ్యాండిల్ సన్నగా అదిరితే చాలాసార్లు అది ముందు టైరు అరుగుదలే. పరీక్ష కోసం హ్యాండిల్ వదిలేసి నడపడం, వణుకును మళ్లీ రప్పించాలని రద్దీ రోడ్డు మీద వేగం పెంచడం, ఈ రెండూ దయచేసి చేయకండి. కింద చెప్పిన తనిఖీలలో ఎక్కువ భాగం నిలబెట్టిన బండి మీదే జరుగుతాయి.

నడుస్తుండగా వణుకు వస్తే హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టకండి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి, ఒంటిని కాస్త ముందుకు వంచండి, యాక్సిలరేటరును నెమ్మదిగా తగ్గించండి. ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టేస్తే వణుకు మరింత ముదరవచ్చు.

ఈ మధ్య ఏం మారింది?

కొత్త టైరు, కొత్త పెట్టె, పెద్ద గాలి అద్దం, వెడల్పాటి హ్యాండిల్, చిన్న పడిపాటు, గొలుసు బిగింపు వంటివి గుర్తుచేసుకోండి. నిన్నటిదాకా లేని వణుకు ఇవాళ వచ్చిందంటే మధ్యలో జరిగిన పనే మొదటి ముద్దాయి.

టైర్లు, చక్రాలు

బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక, టైరు చల్లగా ఉండగా గాలి చూడండి. తయారీదారు చెప్పిన అంకె బండి మీద అంటించిన పట్టీలోనో, చేతిపుస్తకంలోనో ఉంటుంది. టైరు గోడ మీద ముద్రించి ఉండేది గరిష్ఠ పరిమితి, అది మనం నింపాల్సిన అంకె కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

తర్వాత టైరు మీద అరచేతిని ముందుకూ వెనక్కూ నిమరండి. ముందు టైరులో అలల్లా ఎత్తుపల్లాలు తగిలినా, వెనుక టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగి ఉన్నా, టైరు మీది గాట్లు ఇంకా లోతుగా కనిపిస్తున్నాయని సరిపెట్టుకోకండి. టైరు గోడ మీది నాలుగంకెల తేదీని చదవండి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. బాణం గుర్తు చక్రం తిరిగే దిశలోనే ఉందో లేదో, రిమ్ము అంచున టైరు మీద కనిపించే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. గీత ఒకచోట లోపలికి పోయిందంటే టైరు సరిగా కూర్చోలేదు.

చక్రాన్ని నేలకు తగలకుండా లేపి, ఫోర్కుకు ఒక పుల్ల కట్టి దాని మొన రిమ్ముకు దాదాపు ఆనేలా పెట్టి తిప్పండి. రిమ్ము పక్కలకు గానీ పైకీ కిందికీ గానీ ఊగితే పుల్ల దగ్గరి సందు మారుతుంది. చాలా బండ్లకు ఇచ్చే హద్దు 2 మిల్లీమీటర్లు. స్పోకులను చిన్న రెంచితో తట్టండి. మిగతావి ఖంగుమంటుంటే ఒకటి మొద్దుగా పలికిందంటే అది వదులైంది. రిమ్ముకు అంటించిన సీసపు బిళ్ల ఊడిన మచ్చ ఉంటే చక్రాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి.

కోన్‌సెట్: అసలు చిక్కు ఇక్కడే

ముందు చక్రం గాలిలో ఉండేలా బండిని గట్టి ఆధారం మీద నిలపండి. ఇంకొకరు వెనుక నుంచి పట్టుకోవడం మంచిది. ఫోర్కు కింది భాగాలను రెండు చేతులతో పట్టి ముందుకూ వెనక్కూ గుంజండి. ఇంకొకరి వేలు ఫ్రేముకూ ఫోర్కు బిగింపుకూ మధ్య సందు మీద ఉంటే, సన్నటి కదలిక కూడా ఆ వేలికి తెలుస్తుంది. టక్కుమంటే కోన్‌సెట్ వదులైంది. కదలిక ఫోర్కు గొట్టాల దగ్గరే ఉంటే అరిగింది ఆ గొట్టాల మధ్య ఉండే బుష్‌లు. ఆ రెండింటినీ కలగలపకండి.

ఇప్పుడు హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి చాలా నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగితే బేరింగు గిన్నెలకు సొట్టలు పడ్డాయి. బిగించినంత మాత్రాన అది బాగుపడదు, సెట్టు మొత్తం మార్చాలి. మధ్యలో ఉన్న హ్యాండిల్‌ను వేలితో కాస్త నెడితే చాలు, తన బరువుతోనే పక్కకు వాలాలి.

ఎక్కువ బిగించడం కూడా అంతే ప్రమాదం. నేను మొదటిసారి చేసిన పని అదే. వణుకు ఆగిపోయింది గానీ, బండి తిన్నగా పోవడం మానేసి ఎడమకూ కుడికీ తడబడుతూ వచ్చింది. చక్రం తనంతట తాను నిటారుకు రావాలంటే హ్యాండిల్ తేలికగా తిరగాలి. దాన్నే నేను అడ్డుకున్నాను. అసలు దోషం ముందు టైరుది.

వెనుక వైపు

వెనుక చక్రాన్ని లేపి, స్వింగ్‌ఆర్మ్ చివర పట్టుకుని పక్కలకు నెట్టండి. కదలిక ఉండకూడదు. స్వింగ్‌ఆర్మ్ నిలకడగా ఉండి చక్రం మాత్రం ఆడితే చక్రం బేరింగులో, ఇరుసు బిగింపులో లోపం ఉంది. సీటును బలంగా నొక్కి వదిలితే వెనుకభాగం ఒక్కసారి లేచి ఆగాలి. రెండు మూడు సార్లు ఎగిరితే షాక్ అబ్జార్బరులో పట్టు పోయింది. పాములా ఊగడానికి ఇది చాలా ముఖ్యమైన కారణం, చాలా ఆలస్యంగా గుర్తుకొచ్చే కారణం కూడా.

గొలుసు సర్దుబాటు గీతలను గుడ్డిగా నమ్మకుండా, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు మధ్య నుంచి చక్రం ఇరుసు మధ్యకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు అంకెలూ ఒకటి కావాలి.

బరువు, గాలి, పడిన బండి

వెనుక ఇరుసుకు అవతల వేలాడే పెట్టె ముందు చక్రం మీది భారాన్ని తగ్గిస్తుంది. ఖాళీ పెట్టె కూడా గాలిని పట్టి వెనుకభాగాన్ని ఊపగలదు. పెట్టెలన్నీ తీసి ఒకసారి నడపండి. తేడా కనిపిస్తే బరువును ముందుకు, కిందికి జరపండి. చేతిపుస్తకంలో సామానుతో వెళ్లే వేగానికి హద్దు ఉంటే దాన్ని పాటించండి. చేతులు బిగబట్టి కూర్చున్నా, వదులు చొక్కా గాలికి కొట్టుకున్నా ఆ కుదుపు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది.

బండి ఎప్పుడైనా పడి ఉంటే ఫోర్కు మెలిపడి ఉండవచ్చు, ఫ్రేము వంగి ఉండవచ్చు. ఇంట్లో కొలిచి తేల్చే పని కాదు, సరైన పరికరాలున్న చోటికి తీసుకెళ్లండి.

ప్రతి తనిఖీ తర్వాత ఒక్క మార్పే చేయండి. అదే రోడ్డు, అదే బరువు, మునుపటి వేగం కన్నా తక్కువ నుంచి మొదలు. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. స్టీరింగ్ డ్యాంపరు (హ్యాండిల్ ఊపును అణిచే పరికరం) కొని బిగించాలన్న ఆలోచన వస్తే చివరిదాకా ఆపుకోండి. అరిగిన బేరింగు వణుకును అది కప్పిపెడుతుంది, బేరింగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

కొత్త కోన్‌సెట్ వేయించినవారు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ చక్రాన్ని లేపి ఫోర్కును గుంజి చూడండి. కొత్త గిన్నెలు తమ చోట్లో కుదురుకునేటప్పుడు బిగింపు కాస్త సడలుతుంది.