పరీక్షల భయాన్ని కొలిచే నికష: ఎంచుకోవడం, తయారుచేయడం

తెలుగు మనోవిజ్ఞాన పాఠ్యపుస్తకాలు టెస్టును ‘నికష’ అంటాయి. నికషమంటే గీటురాయి. ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడుతున్నాను, ఎందుకంటే ఇక్కడ కొలవబోయేది ఇంటర్మీడియట్ విద్యార్థుల పరీక్షల భయం. కొలిచే సాధనాన్నీ, వాళ్లు భయపడే సందర్భాన్నీ ఒకే ‘పరీక్ష’ అనే మాటతో పిలిస్తే తికమక తప్పదు.

కళాశాల కౌన్సెలరైనా, ఎం.ఏ. సైకాలజీ ప్రాజెక్టు చేస్తున్నవారైనా, ఎం.ఎడ్. పరిశోధకులైనా, ప్రశ్నలు రాయడం మొదలుపెట్టకముందే ఒక వాక్యం రాసుకోవాలి: వచ్చిన స్కోరును బట్టి ఎవరి విషయంలో ఏ నిర్ణయం తీసుకుంటాం? ఎవరిని పిలిచి మాట్లాడాలో తెలుసుకోవడానికైతే ఒక్కొక్క విద్యార్థి స్కోరూ నమ్మదగినదిగా ఉండాలి. హాస్టల్ విద్యార్థులకూ ఇంటి నుంచి వచ్చేవారికీ సగటు తేడా చూడడానికైతే అంత కచ్చితత్వం లేకపోయినా పని జరుగుతుంది. ధ్యాన శిక్షణకు ముందూ తరువాతా మార్పును చూడడానికైతే చిన్న మార్పును కూడా పట్టగలిగే సాధనం కావాలి. ఈ వాక్యం రాసుకోకుండా మొదలైన ప్రాజెక్టులు చివరికి గణాంకాల పట్టికలుగా మిగిలిపోతాయి, వాటిలోని పిల్లలకు మాత్రం ఏ సాయమూ అందదు.

ఉన్నవాటిని ముందు వెతకండి

కొత్త నికష తయారీకి ఒక విద్యాసంవత్సరమైనా పడుతుంది కాబట్టి, పనికివచ్చేది ఇదివరకే ఉందేమో చూడడం మొదటి బాధ్యత. పరీక్షల వ్యాకులతలో రెండు పాయలున్నాయని 1967లో మనోవిజ్ఞానులు లీబర్ట్, మోరిస్ చూపించారు. ఒకటి ‘తప్పుతానేమో, అందరూ ఏమనుకుంటారో’ అనే చింత, రెండవది గుండె దడ, చెమటలు వంటి శారీరక ఉద్వేగం. స్పీల్‌బర్గర్ 1980లో ప్రచురించిన 20 అంశాల (వాక్యాల) శోధిక, అంటే విద్యార్థే జవాబులు నింపే ప్రశ్నావళి, ఈ రెండింటినీ విడివిడిగా కూడా లెక్కిస్తుంది. అయితే దానికి హక్కుదారులున్నారు. అనుమతి తీసుకోకుండా జిరాక్స్ తీసి పంచడం తప్పు.

ఉచితంగా దొరికిందన్న కారణంతో వేరే పనికి పుట్టిన సాధనాన్ని తెచ్చిపెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. పీహెచ్‌క్యూ-9 ఇందుకు మంచి ఉదాహరణ. 2001లో వెలువడిన ఈ తొమ్మిది ప్రశ్నల సాధనాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. గడచిన రెండు వారాల్లోని కుంగుబాటు లక్షణాలను 0 నుంచి 27 వరకు అంకెల్లో చెబుతుంది. పరీక్షల భయంతో వణికే విద్యార్థికి ఇందులో తక్కువ స్కోరు రావచ్చు, ఎక్కువ స్కోరు వచ్చిన విద్యార్థి బాధకు పరీక్షలతో సంబంధమే లేకపోవచ్చు. పైగా చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి అడుగుతుంది. ఆ ప్రశ్నకు ‘లేదు’ కాక మరే జవాబు వచ్చినా అదే రోజు ఎవరు మాట్లాడతారో, ఏ వైద్యుని దగ్గరకు పంపుతారో ముందే ఏర్పాటు చేసుకోనివారు దాన్ని తరగతిలో పంచకూడదు.

దేన్ని పరిశీలిస్తున్నా మాన్యువల్‌లో ముందుగా ప్రమాణాల (నార్మ్స్, అంటే ఒకరి స్కోరును పోల్చిచూసే గుంపు స్కోర్ల) అధ్యాయం తెరవండి. ఏ వయసువారిపై, ఏ ప్రాంతంలో, ఏ సంవత్సరంలో ఆ ప్రమాణాలు నిర్ణయించారో చూడండి. మన డీఎస్సీ అభ్యర్థులందరికీ తెలిసిన భాటియా ప్రజ్ఞా నికషల మాల 1955 నాటిది, 11 నుంచి 16 ఏళ్ల బాలుర కోసం తయారైంది. భాషతో పెద్దగా పని లేని నిష్పాదన నికషలుగా వాటి విలువ నేటికీ తగ్గలేదు. కానీ ఆనాటి బాలుర సగటుతో ఈనాటి బాలికను పోల్చి ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) ప్రకటించడం న్యాయం కాదు.

ఆ తరువాత విశ్వసనీయత, అంటే మళ్లీ కొలిచినా దాదాపు అదే స్కోరు వచ్చే గుణం. ‘0.84’ అని ఒక అంకె కనబడగానే తృప్తిపడకుండా, దాన్ని స్కోరు భాషలోకి మార్చుకోవాలి. ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 10, విశ్వసనీయత 0.84 అయితే, 1 నుంచి 0.84 తీసివేసి వర్గమూలం కడితే 0.4 వస్తుంది, దాన్ని 10తో గుణిస్తే మాపన ప్రామాణిక దోషం, అంటే ఒక స్కోరులో ఉండగల పొరపాటు మేర, 4. అటూ ఇటూ దానికి రెట్టింపు వదిలితే, 48 వచ్చిన విద్యార్థి నిజ స్కోరు దాదాపు 40కీ 56కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 50 దాటినవారినే పిలుస్తామని గీత గీసుకున్న కౌన్సెలర్ ఈ లెక్క ఒక్కసారి చేస్తే, 48 వచ్చిన పిల్లవాడిని పక్కన పెట్టడానికి మనసొప్పదు.

అనువాదంలో జారిపోయేవి

ఇంగ్లీషు శోధికను తెలుగులోకి తేవాలనుకుంటే, ఇద్దరు విడివిడిగా అనువదించడం, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, రెండింటినీ పోల్చడం అన్నది 1970లో బ్రిస్లిన్ వివరించిన నాటినుంచి స్థిరపడిన పద్ధతి. అది అవసరమే కానీ సరిపోదు. తిరుగు అనువాదంలో చక్కగా సరిపోయిన వాక్యం పదిహేడేళ్ల విద్యార్థి చెవికి మరోలా వినబడవచ్చు.

‘పరీక్ష సమయంలో నాకు ఆందోళనగా ఉంటుంది’ అన్న వాక్యాన్నే చూడండి. వార్తాపత్రికల్లో ‘విద్యార్థుల ఆందోళన’ అంటే ధర్నా. పిల్లలు తమ స్థితిని చెప్పేటప్పుడు ఆ మాట వాడరు. ‘టెన్షన్ వస్తుంది’, ‘కంగారుగా ఉంటుంది’ అంటారు, తెలంగాణలో కొందరు ‘బుగులు’ అంటారు. రెండు రాష్ట్రాల్లోనూ వాడదలచిన నికషలో ప్రాంతానికో మాట పెట్టలేం కాబట్టి, నా అభిప్రాయంలో ‘టెన్షన్’ అని రాయడమే మేలు. స్వచ్ఛత కోసం ‘ఉద్విగ్నత’ అని రాస్తే మనం కొలిచేది భయాన్ని కాదు, పదసంపదను.

జవాబుల వరుసలో మరో గుంట ఉంది. ఒక చివర ‘ఎప్పుడూ’, మరో చివర ‘ఎప్పుడూ కాదు’ అని అచ్చువేస్తే, వేగంగా చదివే విద్యార్థి రెండవ మాట వదిలేసి టిక్ పెట్టే ప్రమాదముంది. ఒకే మాటతో మొదలై పూర్తిగా వ్యతిరేకార్థంలో ముగిసే జంట అది. ‘ప్రతిసారీ, చాలాసార్లు, అప్పుడప్పుడు, ఒక్కసారి కూడా లేదు’ అని మార్చండి.

వ్యతిరేక వాక్యాల విషయం ఇంకా సున్నితమైనది. ‘పరీక్ష ముందురోజు నాకు నిద్ర పట్టదు’ అన్న అంశానికి ఎదురుగా ‘అవును’, ‘కాదు’ అని ఉన్నాయనుకుందాం. నిద్ర పట్టనివారు తెలుగులో ‘అవును, పట్టదు’ అంటారు. వాక్యంతో ఏకీభవించడం మన అలవాటు. అంతవరకు చిక్కులేదు. నిద్ర చక్కగా పట్టేవారు ఏమనాలి? ‘లేదు, పడుతుంది’ అని నోట వస్తుంది, కాగితం మీద ఆ ‘లేదు’ కనబడదు. ఉన్న ‘కాదు’ను నిద్ర పట్టదనడానికి గుర్తుగా భావించి దానికే టిక్ పెట్టేవారూ ఉంటారు. ‘పరీక్ష ముందురోజు రాత్రి మెలకువగా దొర్లుతుంటాను’ అని రాసి, ఎన్నిసార్లు అని అడిగితే గొడవ తీరుతుంది.

కొత్తగా తయారుచేయవలసి వస్తే

అంశాలు గ్రంథాలయంలో కూర్చుని రాయవద్దు. పదిహేను ఇరవై మంది విద్యార్థులతో విడివిడిగా మాట్లాడి, పరీక్ష ముందురోజు, హాలులో, ఫలితాల రోజు ఏమవుతుందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ‘ప్రశ్నపత్రం చూడగానే చదివిందంతా పోయినట్టుంటుంది’, ‘కడుపులో తిప్పుతుంది’, ‘నాన్నకు ఏం చెప్పాలా అనే ఆలోచిస్తుంటాను’ వంటివి ఏ పరిభాషకన్నా విలువైన ముడిసరుకు. చింత, శారీరక ఉద్వేగం, ఇంటివాళ్ల అంచనాల ఒత్తిడి అని విభాగాలు చేసుకుని, చివరికి 20 అంశాలు కావాలంటే 40 రాయండి. ఒక్కో అంశంలో ఒక్క విషయమే ఉండాలి. ‘చేతులు వణికి, మరచిపోతాను’ అంటే వణికినా మరచిపోనివారికి జవాబు ఉండదు.

ఈ 40 అంశాలనూ విషయ నిపుణులకు చూపించి, ప్రతిదీ అత్యవసరమా కాదా అడగండి. లాషే 1975లో ఇచ్చిన సూత్రం సులువైనది: అత్యవసరమన్నవారి సంఖ్యలోంచి మొత్తంలో సగాన్ని తీసివేసి, ఆ సగంతోనే భాగించాలి. పదిమందిలో 8 మంది అవునంటే 0.60 వస్తుంది, పదిమందికి ఆయన పెట్టిన కనీస హద్దు 0.62 కనుక ఆ అంశం కొద్దిలో తప్పిపోతుంది. అలాంటివాటిని వెంటనే కొట్టేయక, ఇద్దరూ ఎందుకు వద్దన్నారో అడిగి తిరిగి రాయడం మంచిది. ఆపై ఐదారుగురు విద్యార్థుల చేత ఒక్కో అంశాన్ని పైకి చదివించి, ‘దీనికి నీకేమర్థమైంది’ అని అడగాలి. ఈ ఒక్క మెట్టును వదిలేసేవారే ఎక్కువ, అంశాల్లోని లోపాలు ఎక్కువగా బయటపడేదీ ఇక్కడే.

ప్రయోగాత్మక నిర్వహణకు ప్రభుత్వ కళాశాల, ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాల, గురుకులం మూడింటి నుంచీ, రెండు మాధ్యమాల నుంచీ, బాలబాలికలిద్దరి నుంచీ విద్యార్థులు ఉండాలి. 370 మంది దొరికితే, మొత్తం స్కోరులో పై 27 శాతం, కింది 27 శాతం తీసుకున్నప్పుడు గుంపుకు వందమంది చొప్పున వస్తారు. ఒక అంశానికి ఈ రెండు గుంపుల జవాబుల్లో తేడా లేకపోతే దానికి విచక్షణా శక్తి (భయం ఎక్కువున్నవారినీ తక్కువున్నవారినీ వేరుచేసే శక్తి) లేనట్టే. అంశానికీ మిగతా మొత్తానికీ సహసంబంధం (రెండూ కలిసి పెరిగి తగ్గే తీరును చెప్పే అంకె) 0.30 కంటే తక్కువ ఉన్నవాటిని మళ్లీ చూడాలి. గదిలో లెక్చరర్ ఉండకూడదు, కాగితంపై పేరు బదులు కోడ్ ఉండాలి. ఆయన చూస్తారనుకుంటే ‘నాకేం భయం లేదు’ అనే రాస్తారు.

అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా అధికంగా రావడం చూసి మురిసిపోకండి. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా తిప్పి రాస్తే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది. అదే నికషను అదే విద్యార్థులకు మళ్లీ ఇచ్చి చూసే పునఃపరీక్ష పద్ధతికి రెండు వారాల ఎడం చాలు, కానీ ఆ మధ్యలో పబ్లిక్ పరీక్షలు రాకూడదు. మార్చిలో మొదటిసారి, పరీక్షలయ్యాక రెండవసారి ఇస్తే పిల్లల భయం నిజంగానే మారి ఉంటుంది, ఆ మార్పును విశ్వసనీయత లోపంగా లెక్కకట్టేస్తాం.

సప్రమాణత (కొలవదలచినదాన్నే కొలుస్తోందా అన్నది) దగ్గర, స్కోరుకూ కౌన్సెలర్ విడిగా చేసిన ఇంటర్వ్యూకూ పొంతన చూడాలి. ఇక్కడే మొదట రాసుకున్న వాక్యం పనికొస్తుంది. నూరుమందిలో 10 మందికి నిజంగా సాయం అవసరమనుకుందాం. మన నికష అలాంటివారిలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, అవసరం లేనివారిలో 80 శాతాన్ని సరిగా వదిలేస్తుంది. అప్పుడు 10 మందిలో 8 మంది దొరుకుతారు. మిగిలిన 90 మందిలో 18 మంది పొరపాటున జాబితాలోకి వస్తారు. మొత్తం 26 పేర్లలో నిజమైనవి 8, తప్పిపోయినవారు ఇద్దరు. అందుకే ఆ జాబితా ఏకాంతంగా పిలిచి మాట్లాడడానికి మాత్రమే. దాన్ని ప్రిన్సిపాల్ బల్లమీద పెట్టడం, సెక్షన్లు విడగొట్టడానికి వాడడం, తల్లిదండ్రుల సమావేశంలో చదవడం పిల్లలకు చేసే అన్యాయం.

పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు విద్యార్థి సమ్మతి కూడా అడగండి, వద్దంటే కాగితం తిరిగి తీసుకోండి. కాగితం అడుగున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 అచ్చువేయండి. మాన్యువల్ రాసేటప్పుడు నిలిచిన 20 అంశాలతో పాటు, తొలగించిన 20నీ, వాటి గణాంకాలనూ, తీసేసిన కారణాలనూ చేర్చండి. రేపు శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఇదే పని మొదలుపెట్టేవారికి వాటి అవసరం ఎంతో ఉంటుంది.